ఫాస్టాగ్‌కి ‘ఊ’ కొట్టేదెవరు? అలిపిరి గేటు నుంచి హాస్టల్ వైఫై దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒక బుజ్జి సిగ్నల్ గురించి మాట్లాడుకుందాం. దాని పేరు అక్నాలెడ్జ్‌మెంట్. ఇంజనీర్లు షార్ట్‌గా ‘ఆక్’ అంటారు. మన తెలుగులో దీనికి ఎప్పట్నుంచో ఒక మాట ఉంది: ‘ఊ’ కొట్టడం. అవ్వ కథ చెప్తా ఉంటే మనం ‘ఊ’ అంటూ ఉండాలి. ‘ఊ’ ఆగిందంటే పిల్లోడు నిద్రపోయినాడని అవ్వకి తెలిసిపోతుంది.

వైర్‌లెస్‌లో కూడా అంతే. పంపినోడికి తన మాట అవతలికి చేరిందో లేదో తెలీదు. అవతలి నుంచి ‘ఊ’ రావాల్సిందే. రాకపోతే మళ్లీ పంపాలి. ఇక్కడ చిక్కేంటంటే, ఆ ‘ఊ’ కూడా గాల్లోనే రావాలి, ఆ గాలి మనొక్కరిదే కాదు.

లైసెన్స్ లేని గాలి

మొబైల్ కంపెనీలు వేలంలో వేల కోట్లు పెట్టి స్పెక్ట్రమ్ కొంటాయి. అక్కడ ఎవరు ఎప్పుడు మాట్లాడాలో టవరే చెప్తుంది. కానీ కొన్ని బ్యాండ్లు లైసెన్స్ లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ని 2005లో అట్లా వదిలారు. ఫాస్టాగ్ పనిచేసేది అందులోనే. వైఫై వాడే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పెద్ద భాగాన్ని 2018 అక్టోబర్‌లో ఫ్రీ చేశారు. ఫ్రీ అంటే సంతోషమే, కానీ అక్కడ టైమ్ చెప్పే పెద్దమనిషి ఎవరూ ఉండరు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండూ పోతాయి.

ఈ తలనొప్పికి మొదటి మందు హవాయి యూనివర్సిటీలో దొరికింది. 1971లో నార్మన్ అబ్రామ్‌సన్ టీమ్ దీవుల మధ్య ‘అలోహానెట్’ అనే రేడియో నెట్‌వర్క్ నడిపింది. రూల్ సింపుల్: పంపు, ‘ఊ’ కోసం చూడు, రాకపోతే ఎంతోకొంత సేపు ఆగి మళ్లీ పంపు. ఎంత సేపు అనేది లాటరీ. అందరూ ఒకే టైమ్ ఆగితే మళ్లీ గుద్దుకుంటారు కదా! ఆ లాటరీ ఐడియానే ఇవాళ అలిపిరి గేటు దగ్గర కూడా నడుస్తోంది.

అలిపిరిలో మిల్లీసెకన్ల కథ

తిరుమల కొండెక్కే వాహనాలకి టీటీడీ 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేసింది. కారు గేటు దగ్గరికి రాగానే ఏం జరుగుతుందో స్లో మోషన్‌లో చూద్దాం.

మీ అద్దం మీద స్టిక్కర్‌లో బ్యాటరీ లేదు. పైనున్న రీడర్ పంపే రేడియో తరంగం నుంచే కరెంటు లాక్కుంటుంది, అదే తరంగాన్ని వెనక్కి కొడుతూ జవాబిస్తుంది. అంత బలహీనమైన గొంతు. పైగా వెనక కారు ట్యాగ్ కూడా అదే టైమ్‌కి లేవచ్చు.

అందుకే రీడర్ ముందు ‘ఇన్ని స్లాట్లు ఉన్నాయి’ అని చెప్తుంది. ప్రతి ట్యాగ్ లాటరీ వేసుకుని ఒక నంబర్ పట్టుకుంటుంది. సున్నా వచ్చిన ట్యాగ్ నోరు తెరుస్తుంది. కానీ తన అసలు నంబర్ చెప్పదు! అప్పటికప్పుడు పుట్టించిన 16 బిట్ల తాత్కాలిక నంబర్ మాత్రం చెప్తుంది. ఆసుపత్రిలో టోకెన్ లాంటిది అనుకోండి. రీడర్‌కి అది సరిగ్గా వినిపిస్తే, అదే టోకెన్‌ని తిరిగి చెప్తుంది. అదే ఇక్కడ ‘ఊ’. తన టోకెన్ విన్న ట్యాగ్ మాత్రమే అసలు నంబర్ పంపుతుంది. అది సాధారణంగా 96 బిట్లు, దానితో పాటు చెకింగ్ బిట్లు.

ఇందులో తెలివి ఎక్కడుందో చూశారా? ‘ఊ’ పెద్ద డేటా తర్వాత కాదు, ముందే వస్తోంది. రెండు ట్యాగ్‌లు గుద్దుకున్నా పోయేది 16 బిట్లే, పెద్ద సామాను ఇంకా బయటికి తీయలేదు.

రెండో తెలివి సైజులో. రీడర్ కొట్టే ‘ఊ’ మొత్తం 18 బిట్లు: ‘ఇది ఆక్’ అని చెప్పడానికి 2, టోకెన్‌కి 16. ఎక్కువసార్లు వాడే మాటకి పొట్టి కోడ్ అన్నమాట. మూడోది నాకు బాగా నచ్చింది. ‘తర్వాతి స్లాట్’ అనే ఆర్డర్ 4 బిట్లే. అది వినగానే మిగతా ట్యాగ్‌లు తమ లెక్క ఒకటి తగ్గించుకుంటాయి, ఇప్పుడే చదివించుకున్న ట్యాగ్ ‘నా పని అయింది’ అని పక్కకి తప్పుకుంటుంది. ఒకే మాటతో రెండు పనులు.

వైఫైలో ‘ఊ’ ఖరీదు

ఇప్పుడు హాస్టల్ రూమ్‌కి వద్దాం. వైఫైలో మీ ఫోన్‌కి వచ్చే ప్యాకెట్‌కి ఫోన్ ‘ఊ’ కొట్టాలి. ఆ ‘ఊ’ మధ్యలో ఎవరూ దూరకుండా ఒక మర్యాద పెట్టారు. 5 గిగాహెర్ట్జ్‌లో మామూలు డేటా పంపాలంటే గాలి ఖాళీ అయ్యాక కనీసం 34 మైక్రోసెకన్లు ఆగి, దానిమీద లాటరీ కూడా వేసుకోవాలి. ‘ఊ’కి మాత్రం 16 ఆగితే చాలు. కాబట్టి దానిదే ఫస్ట్ ఛాన్స్.

లెక్క కోసం స్పీడ్ సెకనుకి 600 మెగాబిట్లు అనుకుందాం. 1500 బైట్ల ప్యాకెట్‌లో డేటా వెళ్లడానికి 20 మైక్రోసెకన్లు. దానికి ‘ఊ’ రావడానికి ఆగే 16, ‘ఊ’ పలకడానికి సుమారు 28, మొత్తం 44! పప్పన్నం కంటే వడ్డన ఖర్చు డబుల్ అయింది. ఎందుకంటే ‘ఊ’ 14 బైట్లే అయినా, అందరికీ అర్థం కావాలని నెమ్మదైన స్పీడ్‌లో పలుకుతారు.

అందుకే 2005లో ‘బ్లాక్ ఆక్’ వచ్చింది. ప్యాకెట్లని గుత్తిగా పంపి, చివర్లో ఒకే ‘ఊ’. అది క్లాసు అటెండెన్స్ రిజిస్టర్ లాంటిది: 64 ప్యాకెట్లకి 64 టిక్కులు, మొత్తం 8 బైట్లు. వచ్చినవాటికి ఒకటి, రానివాటికి సున్నా. సున్నాలు మాత్రమే మళ్లీ పంపుతారు. విడివిడిగా అయితే 64 ‘ఊ’లకి దాదాపు 2,800 మైక్రోసెకన్లు, ఇట్లా అయితే 50 లోపే. వైఫై 6లో ఒకే ‘ఊ’ 256 ప్యాకెట్లకి, వైఫై 7లో 1,024కి సరిపోతుంది.

మరి మనకేంటి?

ఒకటి. ఫోన్‌లో గీతలు నిండా ఉన్నా వీడియో తిరుగుతూనే ఉంటుంది, ఎందుకు? ఆ గీతలు రౌటర్ గొంతు మీకు ఎంత వినిపిస్తోందో చెప్తాయి. మీ ‘ఊ’ రౌటర్‌కి వినిపిస్తోందా అనేది చెప్పవు. సాధారణంగా ఫోన్ గొంతు రౌటర్ కంటే చిన్నది. ‘ఊ’ చేరకపోతే రౌటర్ పంపిందే మళ్లీ పంపుతుంది, స్పీడ్ తగ్గిస్తుంది. ఆ ఎక్కువ టైమ్ పక్క రూమ్ వాళ్లది కూడా. కాబట్టి కొంచెం దగ్గరికి జరగండి. జనం ఎక్కువున్న చోట 2.4 కంటే 5 గిగాహెర్ట్జ్ మేలు, ఛానెళ్లు ఎక్కువ.

రెండు. ట్యాగ్ చదవడం వేరు, డబ్బు కట్ కావడం వేరు. రీడర్ కొట్టిన ‘ఊ’కి అర్థం ‘నీ టోకెన్ వినిపించింది’ అని మాత్రమే. బ్యాలెన్స్ ఉందా, ట్యాగ్ బ్లాక్‌లో ఉందా అనేది బ్యాంకుల వైపు తేలాలి. బ్యాలెన్స్ లేకపోతే ట్యాగ్‌ని ఎంత ఊపినా గేటు లేవదు. కొండకి బయల్దేరే ముందు ఇంట్లోనే చూసుకోండి. ట్యాగ్ చేతిలో పట్టుకుని చూపించొద్దు, అద్దానికే అతికించండి. దానికి దొరికే కరెంటే అంతంతమాత్రం, చెయ్యి అడ్డం పడితే అదీ పోతుంది.

మన అమ్మలు ఈ తేడా ఎప్పుడో పట్టేశారు. తిరుపతి బస్టాండ్‌లో పీలేరు బస్సెక్కిస్తూ ‘చేరినాక మిస్డ్ కాల్ ఇయ్యి నాయనా’ అంటారు. పైసా ఖర్చు లేని ‘ఊ’ అది. కానీ బస్సెక్కినాక కాదు, చేరినాక ఇవ్వమంటారు. మీ యాప్‌లో ‘సెంట్’ అని కనిపించినప్పుడల్లా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ‘ఊ’ కొట్టింది ఎవరు, ఎంతవరకు చేరిందని?

డౌట్లు ఉంటే అడగండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.