అడగవలసిన మాట

దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం జారడం కానుపులైన స్త్రీలలో చాలామందికి ఉన్నదే. దాంపత్య సమయంలోనూ జారుతుందేమోనని భర్తకు ఎడంగా పడుకునేవారున్నారు. ఆ సంగతి డాక్టరుకైనా చెప్పరు. 1996లో స్వీడన్ వైద్యుడు ఉల్మ్‌స్టెన్ ప్రకటించిన పద్ధతిలో మూత్రనాళం కింద సన్నని వలపట్టీ అమరుస్తారు. ఆపరేషను తరువాత సుమారు ఆరువారాలు దంపతులు ఆగాలి. ఆపైన జారుడు తగ్గి, భయం పోయి, చాలామందికి సుఖం మునుపటిలాగే ఉంటుంది, లేదా మెరుగవుతుంది.

కొందరికి మాత్రం పట్టీ లోపలి గోడను ఒరుసుకొని బయటపడి నొప్పి చేస్తుంది, భర్తకూ గుచ్చుకోవచ్చు. ఇటువంటి ఫిర్యాదుల మీదనే ఇంగ్లండులో 2018లో ఈ ఆపరేషన్లను ఆపివేశారు. నొప్పిని వయసు మీదకు నెట్టి ఊరుకోవడం మాకు నచ్చదు. సంతకం పెట్టేముందే "కాపురానికి ఇబ్బంది ఉంటుందా?" అని అడగమంటున్నాము. ముట్లుడిగినవారికి మంట పొడిదనం వల్లనైతే దానికి వేరే పూతమందు ఉన్నది.