ఎంత దూరంలో నిలబడతారు?

లెన్స్‌కు మూత తీయకపోయినా రేంజ్‌ఫైండర్ కెమెరాలో దృశ్యం నిక్షేపంగా కనిపిస్తుంది. ఫిల్ము కడిగాకే అసలు సంగతి బయటపడుతుంది. ఈ కెమెరాలో కన్ను చూసేది పక్కనున్న చిన్న కిటికీలోంచి మరి. అందులో కనిపించే రెండు బొమ్మలు ఒకదానిమీదొకటి సరిగ్గా కూర్చుంటే ఫోకస్ కుదిరినట్టు. లెన్స్ మార్చినా కిటికీలో దృశ్యం మారదు. ఫొటోలో ఎంతమేర పడుతుందో చూపే తెల్ల గీతలు మాత్రమే మారతాయి.

జూమ్ తిప్పుతూ, నచ్చినచోట ఆగి క్లిక్‌మనిపించే అలవాటున్నవారికి ఈ కెమెరా మొదట్లో చిరాకే. ఎక్కడ నిలబడితే ఎంత పడుతుందో ముందే మనసులో ఉండాలి. అందుకే లెన్స్ కొనేముందు ఎవరికివారు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఫొటో తీసేటప్పుడు మనుషులకు ఎంత దూరంలో ఉంటాం?

లెక్క చూద్దాం. కెమెరాను అడ్డంగా పట్టుకుని నిలువెత్తు మనిషిని ఫ్రేములో ఇమడ్చాలంటే 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో కనీసం మూడున్నర మీటర్ల దూరం కావాలి. 35తో రెండున్నర, 28తో రెండు మీటర్లు చాలు. ఆ మీటరున్నర తేడాలోనే ఫొటోగ్రాఫర్ స్వభావం తెలిసిపోతుంది.

ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సాన్ జీవితమంతా ఎక్కువగా 50నే నమ్ముకున్నాడు. కాస్త ఎడంగా ఉండి, ఫ్రేములో అన్నీ పొందికగా అమరేదాకా కాచుకునేవారికి అది సరిపోతుంది. న్యూయార్క్ వీధుల్లో తిరిగిన గ్యారీ వినోగ్రాండ్ దారి వేరు. లైకా ఎం4 రేంజ్‌ఫైండర్ కెమెరాకు 28 తగిలించుకుని జనం మధ్యకే దూరేవాడు. అలాంటివారికి వైడ్ లెన్స్‌తో ఇంకో లాభం ఉంది. 28 లెన్స్ అపర్చర్‌ను ఎఫ్/8 దగ్గర ఉంచి 3.3 మీటర్లకు ఫోకస్ చేస్తే, సుమారు 1.6 మీటర్ల నుంచి అనంతం దాకా అంతా స్పష్టంగానే పడుతుంది. ఇక ఫోకస్ రింగు ముట్టుకోనక్కర్లేదు. అదే ఎఫ్/8 దగ్గర 50తో ఈ సౌకర్యం అయిదు మీటర్లు దాటాకగానీ మొదలవదు.

ఎటూ తేల్చుకోలేనివారికి 35 మంచిది. కానీ కెమెరా కూడా ఒప్పుకోవాలి. 1954లో వచ్చిన లైకా ఎం3 కిటికీలో 50, 90, 135 గీతలే ఉండేవి. 35 వాడాలనుకునేవారి కోసం లెన్స్‌కే కళ్లద్దాల్లాంటి అదనపు అద్దాలు బిగించి అమ్మాల్సి వచ్చింది! తర్వాత వచ్చిన ఎం2లో 35 గీతలు చేరాయి. కళ్లజోడు పెట్టుకునేవారు మరో సంగతి చూసుకోవాలి: చాలా కెమెరాల్లో 28 గీతలు కిటికీ అంచున ఉంటాయి కాబట్టి నాలుగు వైపులా ఒకేసారి కనిపించవు.

ముఖాల ఫొటోలకు 90 బాగుంటుంది. 135 జోలికి మాత్రం పోకపోవడమే మేలు. కిటికీలో దాని ఫ్రేము చిన్నదైపోతుంది, ఫోకస్‌లో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫొటోలో దొరికిపోతుంది. పువ్వులూ పురుగులూ తీసేవారికైతే అసలు ఈ కెమెరానే సరిపడదు. లైకా ఎం లెన్స్‌లలో చాలావాటికి 70 సెంటీమీటర్ల కన్నా దగ్గరి వస్తువు ఫోకస్‌కు అందదు.

సొంత అలవాటు తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. జూమ్ లెన్స్‌తో తీసిన పాత ఫొటోల వివరాల్లో ఏ మిల్లీమీటర్ల అంకె ఎక్కువసార్లు వచ్చిందో చూస్తే చాలు. ఫోన్‌తోనే తీసేవారైతే, దాని ప్రధాన కెమెరా చాలావరకు 24-28 మధ్య చూపుకు సమానం.

లైకా కొత్త లెన్స్ ధర లక్షల్లో ఉంటుంది. అదే మౌంట్‌కు (లెన్స్ బిగించే అమరికకు) జపాన్‌లోని కొసీనా తయారుచేసే ఫోక్ట్‌లాండర్ లెన్స్‌లు చాలా చవక. పాత 39 మిల్లీమీటర్ల వ్యాసపు మరచుట్టు లెన్స్‌లను అడాప్టర్ రింగుతో వాడుకోవచ్చు. సోవియట్ జూపిటర్ లెన్స్‌లు ఇంకా చవకే గాని, లైకా బాడీ మీద ఫోకస్ కాస్త తప్పవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు అపర్చర్ పూర్తిగా తెరిచి, మీటరు దూరంలోని అక్షరాలను సొంత కెమెరాతోనే తీసి చూశాక డబ్బులివ్వాలి.