నమూనా రైళ్ళకు డిజిటల్ నియంత్రణ: ఎంపికలో మెలకువలు

అసలు రైలును అన్ని పోలికలతో చిన్న కొలతలో నిర్మించి నడపడం ఐరోపా, అమెరికా దేశాలలో ఎంతోకాలంగా వేళ్ళూనుకొన్న అభిరుచి. ఎక్కువ వాడుకలోనున్న హెచ్.ఓ. కొలతలో బండి అసలుదానిలో 87వ వంతు. పట్టాల నడిమి దూరం 16.5 మిల్లీమీటర్లు. ఈ రైళ్ళను నడిపే డిజిటల్ సాధనాలు నేడు అనేకం లభిస్తున్నాయి. వాటి వెల స్వల్పం కాదు గనుక, కొనేముందు వాటి తత్త్వాన్ని గ్రహించడం అవసరం.

పాత పద్ధతిలో పట్టాలకు సుమారు 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తును అందిస్తారు. వోల్టేజి పెంచితే వేగం హెచ్చుతుంది. ధ్రువాలు మార్చితే బండి వెనుకకు నడుస్తుంది. చిక్కు ఏమనగా, ఒకే పట్టాలపై రెండు ఇంజన్లుంటే రెండూ ఒక్కసారే కదులుతాయి. వాటిని విడివిడిగా నడపాలంటే పట్టాలను భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగానికి ఒక మీట అమర్చాలి. అప్పుడు మనిషి దృష్టి బండి మీద కంటె మీటల మీదనే నిలుస్తుంది.

డిజిటల్ పద్ధతిలో పట్టాలపై ఎల్లవేళలా పూర్తి విద్యుత్తు ఉంటుంది. అది సెకనుకు వేలసార్లు ధ్రువాలు మార్చుకొంటూ ఆజ్ఞలను కూడ మోసుకొనిపోతుంది. అర్ధతరంగం 58 మైక్రోసెకండ్లుంటే ‘ఒకటి’, 100 లేదా అంతకుమించి ఉంటే ‘సున్న’. ప్రతి ఇంజనులోను డీకోడర్ అనే చిన్న ఎలక్ట్రానిక్ పలక, దానికొక సంఖ్య ఉంటాయి. తరగతిలో హాజరు పిలిచినపుడు తన సంఖ్యకే విద్యార్థి పలికినట్లు, ప్రతి ఇంజను తనకు చెందిన ఆజ్ఞనే పాటిస్తుంది.

జర్మనీలోని లెంజ్ సంస్థ రూపొందించిన విధానం ఆధారంగా అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1994లో ప్రమాణాలను ఆమోదించింది. ఇదే డి.సి.సి. దీనివలన ఒక సంస్థ డీకోడర్ మరొక సంస్థ కేంద్రంతో పనిచేస్తుంది. కాని ఈ ఐక్యత పట్టాల వరకే! చేతిలో పట్టుకొనే త్రాటిల్‌ను కేంద్రంతో కలిపే భాష సంస్థకొకటి. లెంజ్‌ది ఎక్స్‌ప్రెస్‌నెట్, డిజిట్రాక్స్‌ది లోకోనెట్. ఒకదాని త్రాటిల్ మరొకదానికి నేరుగా పనికిరాదు. రేపు కేంద్రాన్ని మార్చినా ఇంజన్లు మిగులుతాయి, త్రాటిళ్ళు మిగలవు. కనుక ఎంపికలో ఆలోచించవలసినది ముఖ్యంగా త్రాటిల్‌ను గూర్చియే.

మొదట దానిని చేతబట్టి చూడాలి. బండిని ఎన్నుకోవడం, ఆపడం చూడకనే సాధ్యం కావాలి. రెండవది, మిత్రులు ఏ పద్ధతి వాడుచున్నారో విచారించాలి. అదే అయితే సలహాయు, ఎరువు సామగ్రియు సులభంగా దొరుకుతాయి. మూడవది విద్యుత్ప్రవాహం. ఇంటిలోని హెచ్.ఓ. అమరికకు సాధారణంగా 3 నుండి 5 ఆంపియర్లు చాలును. అమరిక పెరిగితే బూస్టర్‌ను చేర్చవచ్చును. అధిక ప్రవాహానికి తగిన మందం లేని తీగలు ప్రమాదకరం. పట్టాలపై అడ్డంగా ఒక నాణెం ఉంచినపుడు, అమరికలో ఏ మూలనైనా సరే, విద్యుత్తు తక్షణం ఆగిపోవాలి. ఆగకపోతే తీగలను సరిచేయనిదే బండి నడపరాదు.

ధనం తక్కువైనా విజ్ఞానాసక్తి గల విద్యార్థులకు మరొక మార్గమున్నది. ఆర్డ్వినో పలకపై డి.సి.సి.-ఇ.ఎక్స్. అనే ఉచిత ప్రోగ్రాముతో కేంద్రాన్ని స్వయంగా నిర్మించుకొనవచ్చును. ప్రమాణాలు అందరికీ తెరచియుండుటచేతనే ఇది సాధ్యమైనది. సొమ్మున్నవాడు కొన్న కేంద్రమూ, విద్యార్థి చేసికొన్న కేంద్రమూ ఒకే ఇంజనును నడపగలగడం ఈ పద్ధతిలోని గొప్పతనం.