డిస్‌ప్లే తెరుచుకోనంటే ఏం చేయాలి?

మొన్న ఒక శుక్రవారం రాత్రి పదిన్నరకి వెల్లింగ్టన్ నుంచి మిత్రుడొకడు ఫోను చేశాడు. హైదరాబాదులో అప్పుడు మధ్యాహ్నం మూడు. అక్కడి లైనక్సు సర్వరు మీద సోమవారానికల్లా డేటాబేసు కొత్త వెర్షను ఎక్కించాలి. ఇన్‌స్టాలరు విండో రావట్లేదు. "క్యానాట్ ఓపెన్ డిస్‌ప్లే" అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోతోంది.

"ఇందాక ఎక్స్‌క్లాక్ కొడితే గడియారం వచ్చిందిరా! ఇప్పుడేమయింది?" అన్నాడు.

ఆ మాటలోనే సగం జవాబుంది. గడియారం వచ్చిందంటే దారి బాగానే ఉన్నట్టు.

1984లో ఎమ్.ఐ.టి.లో పుట్టిన ఎక్స్ విండో పద్ధతిలో పేర్లు కాస్త తికమకగా ఉంటాయి. తెర, కీబోర్డు ఉన్న మన ల్యాప్‌టాపే సర్వరు. హైదరాబాదులో నడిచే ప్రోగ్రాము క్లయింటు. ఆ క్లయింటుకి రెండు కావాలి. తెర ఎక్కడుందో తెలియాలి, అది డిస్‌ప్లే అనే వేరియబుల్లో ఉంటుంది. లోపలికి రానివ్వడానికి చూపించే చీటీ కావాలి, దాన్ని కుకీ అంటారు, అది యూజరు హోమ్ డైరెక్టరీలోని ఎక్స్‌అథారిటీ ఫైల్లో ఉంటుంది.

ఎస్.ఎస్.హెచ్.కి పెద్ద ఎక్స్ తగిలించి లాగిన్ అయితే ఈ రెండూ అదే సర్దిపెడుతుంది. (చిన్న ఎక్స్ తగిలిస్తే ఉన్నది కూడా పోతుంది, జాగ్రత్త.) డిస్‌ప్లే ఖాళీగా ఉంటే మాత్రం అవతలి యంత్రంలో ఎక్స్11 ఫార్వర్డింగ్ ఆపేసి ఉందా, ఎక్స్‌ఆథ్ ప్రోగ్రాము అసలు ఉందా అన్నవి ముందు చూసుకోవాలి.

మావాడు తన పేరుతో లాగిన్ అయ్యి, తర్వాత డేటాబేసు యూజరుగా మారాడు. చీటీ పాత యూజరు దగ్గరే ఉండిపోయింది! పాత యూజరుగా 'ఎక్స్‌ఆథ్ లిస్ట్' కొట్టి, ఈ డిస్‌ప్లే నంబరున్న వరసని కాపీ చేసుకుని, కొత్త యూజరుగా 'ఎక్స్‌ఆథ్ యాడ్' పక్కన అతికించాలి. డిస్‌ప్లే విలువ కూడా అదే ఇవ్వాలి. అంతే.

నాకు ఫోను చేసేలోపే వాడు మొదటి లాగిన్లో 'ఎక్స్‌హోస్ట్ ప్లస్' కొట్టేశాడు. మనలో చాలామందికి ఈ అలవాటుంది. దానివల్ల ల్యాప్‌టాపు తెరకి కాపలా పోతుంది. విండోస్ మీద నడిచే ఎక్స్ సర్వర్లు కొన్ని నెట్‌వర్కు మీద వింటూనే ఉంటాయి. అప్పుడు అదే నెట్‌వర్కులో ఉన్నవాళ్ళెవరైనా మీరు కొట్టే పాస్‌వర్డులు చదవచ్చు. పోనీ సమస్య తీరిందా అంటే అదీ లేదు. చీటీని ముందు చూసేది ఎస్.ఎస్.హెచ్. ప్రోగ్రామే. తలుపు తీసిపెట్టినా అది ఒప్పుకోదు. వెంటనే 'ఎక్స్‌హోస్ట్ మైనస్' కొట్టించాను.

చీటీ ఇచ్చాక ఇన్‌స్టాలరు వచ్చింది గానీ నత్తనడక. వెల్లింగ్టన్ నుంచి హైదరాబాదు నేరుగా కొలిచినా దాదాపు 11,800 కిలోమీటర్లు. ఫైబరులో కాంతికి కూడా వెళ్ళి రావడానికి 0.12 సెకన్లు పడుతుంది. ఒక విండో గీయడానికి ప్రోగ్రాము వంద ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి అడిగితే 12 సెకన్లు! కీత్ ప్యాకర్డ్, జిమ్ గెటిస్ 2003లో కొలిచి చూసినప్పుడు కూడా అసలు బాధ బ్యాండ్‌విడ్తు కాదు, ఈ రాకపోకల ఆలస్యమేనని తేలింది. పైగా మధ్యలో లైను తెగితే ఇన్‌స్టాలరు కూడా చస్తుంది, పని సగంలో ఆగుతుంది.

అందుకని ఇంత దూరం నుంచి వి.ఎన్.సి. మేలంటాను. డేటాబేసు యూజరు పేరుతోనే అక్కడ సెషను మొదలుపెట్టి, ఎస్.ఎస్.హెచ్. టనెల్ గుండా చూడొచ్చు. తెర కూడా అక్కడే ఉంటుంది కాబట్టి లైను తెగినా పని ఆగదు.

మావాడు అలాగే మొదలుపెట్టి ల్యాప్‌టాపు మూసి పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే ఇన్‌స్టాలరు "నెక్స్ట్" నొక్కమని అడుగుతూ రాత్రంతా అక్కడే నిలబడి ఉందట.