డిశ్చార్జి రాశారు... ఇప్పుడెలా?

'రేపు డిశ్చార్జి చేసేస్తాం. ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు.'

డాక్టరు నోట ఈ మాట వింటే ఎవరైనా సంతోషిస్తారు. కానీ పంజగుట్ట నిమ్స్ ఆవరణలో చెట్ల కింద సంచులు పెట్టుకుని కూర్చున్నవాళ్లను కదిపి చూడండి. చాలామందికి అసలు భయం ఆ మాటతోనే మొదలవుతుంది. ముక్కులో గొట్టం, పక్కన యూరిన్ బ్యాగు, కదలని కుడిచెయ్యి, కుడికాలు... ఇన్నాళ్లూ నర్సులు, డాక్టర్లు చూసుకున్న మనిషిని రేపట్నుంచి ఇంట్లో ఎవరు చూసుకోవాలి?

మా పెద్దమ్మ విషయంలో మాకూ అదే ఎదురైంది. వేరే ఆస్పత్రి, అదే పక్షవాతం. ఆవిడకి 74 ఏళ్లు. ఉండేది ఎల్లారెడ్డిగూడలో, సారథీ స్టూడియో వెనక వీధిలో, లిఫ్టు లేని రెండో అంతస్తు. పెద్దన్నయ్య న్యూజెర్సీలో, చిన్నన్నయ్య బెంగళూరులో, అక్క వరంగల్లో. ఊళ్లో ఉన్నది నేనొక్కణ్నే. డిశ్చార్జి కాగితంలో తొమ్మిది రకాల మందుల కింద మూడే మూడు లైన్లు: గొట్టం ద్వారా ద్రవాహారం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, రోజూ ఫిజియోథెరపీ. చదవడానికి మూడు లైన్లు. చేయడానికి మూడు షిఫ్టుల మనుషులు!

బోర్డుల మధ్య బోర్డులు

అమీర్‌పేట అంటే బయటి ఊళ్లవాళ్లకు కోచింగ్ సెంటర్లే గుర్తొస్తాయి. మైత్రీవనం దగ్గర తలెత్తితే ఆకాశం కనపడనన్ని బోర్డులు. వాటి మధ్యలోనే ఇంకో రకం బోర్డులూ ఉంటాయి. 'హోమ్ నర్సులు, ఆయాలు, పేషెంట్ కేర్, 24 గంటలు'. అవసరం పడేదాకా అవి కంటికి ఆనవు. పడ్డాక అవి తప్ప ఇంకేమీ కనిపించవు.

బ్యూరోల పద్ధతి ఇంచుమించు ఒక్కటే. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత అడ్వాన్సు. మనిషి 12 గంటలకు కావాలా, 24 గంటలకా? 24 గంటలంటే భోజనం, పడుకునే చోటు మనవే. నెల జీతంలో బ్యూరోకు కొంత, ఆ అమ్మాయికి కొంత. ఎవరికెంతో అడిగితే రెండు చోట్లా రెండు లెక్కలు చెబుతారు. మానేస్తే ఇంకొకరిని పంపుతామంటారు. ఎన్ని రోజుల్లో అన్నది మాత్రం కాగితం మీద ఉండదు. రాయించుకోవాలి. సంక్రాంతికీ, దసరాకీ ఊళ్లో మనిషి దొరకడం గగనమని కూడా ఎవరూ ముందు చెప్పరు. వాళ్లకు మాత్రం పండగ ఉండదా?

మేం చేసిన పెద్ద పొరపాటు వేరే. 'నర్సు' అన్నారు, నమ్మేశాం. మూడేళ్ల జీఎన్ఎం కోర్సో, ఏఎన్ఎమ్మో చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదైన అమ్మాయి వేరు. అనుభవంతో నేర్చుకున్న ఆయా వేరు. ఇద్దరూ అవసరమే, ఇద్దరి పనీ గొప్పదే. కానీ గొట్టంలో ఆహారం పోసేటప్పుడు తల కింద ఎత్తు ఎంతుండాలో తెలియని మనిషికి ఆ పని అప్పజెప్పడం ప్రమాదం. మా ఇంటికి వచ్చినామెకు అది తెలియదు. పడుకోబెట్టే పోసింది. నాలుగో రోజుకి పెద్దమ్మకు దగ్గు, జ్వరం, ఆయాసం. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. మళ్లీ ఆస్పత్రి, ఇంకో ఎనిమిది రోజులు.

తప్పు ఆమెదా? సర్టిఫికెట్ చూపించమని అడగనిది మేము. ఆస్పత్రిలో ఉండగానే ఆమెను పిలిపించి, వార్డు నర్సు ముందు ఒకసారి చేయించి చూడనిది మేము. రెండోసారి ఆ రెండూ చేశాం. వార్డు సిస్టర్ విసుక్కోకుండా చూపించింది. మంచం తల వైపు కనీసం 30 డిగ్రీలు లేపాలి, పోశాక మరో అరగంట, గంట అలాగే ఉంచాలి. పోసే ముందు గొట్టం జరగలేదని చూసుకోవాలి. ఆ పది నిమిషాల పాఠం మొదటిసారే అడిగి ఉంటే ఆ ఎనిమిది రోజులు తప్పేవేమో.

న్యూజెర్సీలో సాయంత్రం, మాకు అర్ధరాత్రి

ఇక చూసుకునేవాళ్లను చూసుకోవడం ఇంకో ఉద్యోగం. వాట్సప్ గ్రూపు పెట్టాం. మూడో రోజుకే గొడవ. పెద్దన్నయ్య అక్కణ్నుంచి ఏదో చదివి 'ఆ మందు ఎందుకు వాడుతున్నారు' అంటాడు. చిన్నన్నయ్య వేరే డాక్టరు పేరు చెబుతాడు. డబ్బులిచ్చేవాళ్లకు అక్కడుండి చేయలేకపోయామన్న బాధ. దగ్గరుండేవాడికి ఒక్కణ్నే అయిపోయానన్న ఉక్రోషం. దీనికి మందు అక్క కనిపెట్టింది... 200 పేజీల లాంగ్ నోటుబుక్కు! ఏ టైముకు ఏం పోశారు, ఎంత యూరిన్ వచ్చింది, బీపీ ఎంత, ఏ పక్కకు తిప్పారు, అన్నీ అందులోనే. రోజూ రాత్రి ఆ పేజీ ఫొటో గ్రూపులో. డాక్టరుతో మాట్లాడేది ఒక్క అక్కే. ఖర్చు లెక్క చిన్నన్నయ్యది. వాదనలు సగం తగ్గాయి. మిగతా సగం ఏ ఇంట్లో మాత్రం ఉండవు!

దూరాన ఉన్నవాళ్లు ఏమీ చేయలేరనుకుంటాం కానీ, మాకు తెల్లవారుజామున రెండయితే న్యూజెర్సీలో ముందురోజు సాయంత్రం. కూచున్నవాళ్లకు కునుకు పట్టే వేళ అది. సరిగ్గా అప్పుడే పెద్దన్నయ్య వీడియో కాల్: 'తిప్పావా అమ్మా?' పుండ్లు పడకుండా కాపాడింది అద్దెకు తెచ్చిన గాలి పరుపెంతో ఆ ఫోను అంత.

ఎవరిని అడగాలి?

మాకంటే బిడ్డలున్నారు, కాస్తో కూస్తో డబ్బుంది. అవి లేనివాళ్లు? అడగడానికి మనుషులున్నారు. అడగొచ్చని తెలియకపోవడమే చిక్కు. నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రిగా మొదలై, 1989 చట్టంతో ఇప్పటి హోదా తెచ్చుకున్న నిమ్స్‌కు రాష్ట్రం నలుమూలల నుంచీ వస్తారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడే ఆస్పత్రుల్లో ఆరోగ్యమిత్రలను పెట్టారు. కార్డు, కాగితాలు, అనుమతులు... దారి చూపడమే వాళ్ల పని. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పథకం పరిమితి 10 లక్షల రూపాయలు. పథకంలోకి రాని చికిత్సకైతే ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్ఓసీ అడగొచ్చు. అయితే దానికి ఆస్పత్రి ఇచ్చే ఖర్చు అంచనా కాగితం కావాలి. అందుకే చికిత్స అయ్యాక కాదు, ముందే కదలాలి.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో నంబరు గుర్తుపెట్టుకోండి... 14567. ఎల్డర్ లైన్. ఇప్పుడు దేశమంతా ఉన్న ఈ సేవ పుట్టింది మన హైదరాబాద్‌లోనే. 2017లో టాటా ట్రస్ట్స్, తెలంగాణ ప్రభుత్వంతో కలిసి మొదలుపెట్టింది. 2021లో దేశమంతటికీ విస్తరించారు. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఎత్తుతారు. పింఛను, వృద్ధాశ్రమం, పిల్లలు చూడకపోతే చట్టం ఏమంటుంది, ఇవన్నీ అడగొచ్చు. ఏమీ లేకపోయినా మాట్లాడటానికీ చేయొచ్చు. క్యాన్సర్ ముదిరి ఇక నొప్పి తగ్గించడమే మిగిలిందంటే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది.

మా ఇంట్లో ఇప్పుడున్న అమ్మాయిది మహబూబాబాద్ వైపు తండా. ఆరేళ్ల కొడుకుని వాళ్లమ్మ దగ్గర వదిలొచ్చింది. వాడికి జ్వరమొస్తే ఈ అమ్మాయి ఇక్కణ్నుంచే ఫోనులో ఏ సిరప్ ఎన్ని చుక్కలో చెబుతుంటుంది. నెలకు రెండు రోజుల సెలవు మేమే ముందుగా నోటుబుక్కులో రాసేస్తాం, ఆ రెండు రోజులకు వరంగల్ నుంచి అక్క వచ్చేస్తుంది.

గొట్టం అయిదో నెలలో తీసేశారు. ఇప్పుడు మూడో నోటుబుక్కు నడుస్తోంది. మొన్న సోమవారం పేజీలో ఆ అమ్మాయి రాసిన వరస ఇది: 'ఉదయం ఆరున్నర. అమ్మ టీ తాగింది. చక్కెర తక్కువైందని తిట్టింది.'

ఫొటో గ్రూపులో పెట్టగానే మొదట జవాబిచ్చింది పెద్దన్నయ్య. 'ఏమని తిట్టింది? మాటలన్నీ రాయమను.'