వెబ్‌సైట్ – కట్టుకుందామా? కట్టించుకుందామా?

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో “వెబ్‌సైట్ పెట్టి చూడు” అని కూడా చేర్చుకోవచ్చు. ఎందుకంటారా? మా అనుభవం చెబుతాను, వినండి.

కొన్నేళ్ల కిందట మా ఉన్నత పాఠశాలకు ఒక వెబ్‌సైట్ ఉంటే బాగుంటుందని ఉపాధ్యాయులందరం చందాలు వేసుకున్నాం. ఆ పని తెలిసిన ఒకతనికి పదిహేను వేల రూపాయలిచ్చాం. పది రోజుల్లో చక్కని వెబ్‌సైట్ తయారయింది. పూర్వ విద్యార్థులు పాత ఫోటోలు పంపారు. వాటిలో ఇప్పుడు మన మధ్య లేని మా లెక్కల మాస్టారి ఫోటో కూడా ఉంది. రెండేళ్లు గడిచాయి. ఒకనాడు ఉదయం చూస్తే వెబ్‌సైట్ లేదు! పేరుకు చెల్లించవలసిన రుసుము ఎవరూ చెల్లించలేదు. ఆ పేరు పాఠశాలది కాక, తయారుచేసినతని పేరున నమోదై ఉంది. అతని ఫోన్ నంబరు మారిపోయింది. ఫోటోల నకళ్లు మా దగ్గర లేవు.

తప్పు అతనిది మాత్రమేనా? కాదు. అడగవలసిన ప్రశ్నలు మేమూ అడగలేదు. ఆ ప్రశ్నలేమిటో తెలియాలంటే ముందు వెబ్‌సైట్ అంటే ఏమిటో తెలియాలి.

పేరు, స్థలం, ఇల్లు

వెబ్‌సైట్‌ను ఒక ఇంటితో పోల్చవచ్చు. దానికి మూడు భాగాలుంటాయి.

మొదటిది పేరు. ఇంటర్నెట్‌లోని కంప్యూటర్లకు చిరునామాలు అంకెల్లో ఉంటాయి. అంకెలు మనకు గుర్తుండవు గదా! అందుకని పేరు చెబితే అంకె తెలిపే ఏర్పాటును 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించాడు. దాన్నే డొమైన్ నేమ్ సిస్టమ్ అంటారు. ఈ పేరును మనం కొనుక్కోలేం. గడువు మేరకు అద్దెకు తీసుకుంటామన్నమాట. సాధారణమైన పేరుకు ఏడాదికి కొంత రుసుము అవుతుంది. గడువు తీరాక కొంతకాలం ఆగి చూస్తారు. డాట్ కామ్ పేర్లయితే, రద్దు చేసిన తర్వాత కూడా 30 రోజులు విడిపించుకునే అవకాశం ఉంటుంది. ఆపైన మరో 5 రోజులకు ఆ పేరు ఎవరైనా తీసుకోవచ్చు.

రెండవది స్థలం. మన పుటలు ఏదో ఒక కంప్యూటర్‌లో ఉండాలి. అదే సర్వర్. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ వాడుకున్న నెక్స్ట్ కంప్యూటరే. దాన్ని ఎవరూ ఆపివేయకుండా ఆయన దానిపై ఒక హెచ్చరిక చీటీ అంటించాడు. కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది: ఆ యంత్రం ఆగితే వెబ్‌సైటూ ఆగిపోతుంది. రాత్రింబవళ్లు నడిచే యంత్రానికి విద్యుత్తు కావాలి, కాపలా కావాలి. మనం చెల్లించే అద్దె అందుకే. చిన్న వెబ్‌సైట్లకు ఉచితంగా చోటిచ్చే సంస్థలు కూడా ఉన్నాయి.

మూడవది ఇల్లు, అంటే పుటలు. వీటిని హెచ్.టి.ఎం.ఎల్. అనే భాషలో వ్రాస్తారు. ఈ భాష వాడుకున్నందుకు ఎవరికీ పైసా ఇవ్వనక్కరలేదు. వెబ్‌కు సంబంధించిన సాఫ్ట్‌వేర్‌ను 1993 ఏప్రిల్ 30న సెర్న్ అందరికీ ఉచితంగా విడిచిపెట్టింది. పుటలు కూర్చడానికి సాయపడే వర్డ్‌ప్రెస్ వంటి ఉచిత సాధనం కూడా 2003 నుంచి ఉంది.

భాష ఉచితం, సాధనం ఉచితం. మరి పదిహేను వేలు దేనికిచ్చాం? మనిషి శ్రమకు, అతని నేర్పుకు.

లెక్క వేద్దాం

ఒక ఉదాహరణ తీసుకుందాం. పేరుకు, స్థలానికి కలిపి ఏడాదికి 3,000 రూపాయలనుకోండి. తయారుచేసే వ్యక్తికి మొదట 15,000, తర్వాత మార్పులు చేర్పులకు ఏడాదికి 3,000. అయిదేళ్లలో మొత్తం 45,000 రూపాయలవుతుంది. మనమే చేసుకుంటే ఖర్చు 15,000 మాత్రమే. మిగులు 30,000.

తొందరపడకండి! మన కాలానికి విలువ లేదా? నేర్చుకుని తయారుచేయడానికి 60 గంటలు, ఆపైన నెలకు 2 గంటల చొప్పున అయిదేళ్లకు 120 గంటలు. మొత్తం 180 గంటలు. 30,000ను 180తో భాగించండి. గంటకు దాదాపు 167 రూపాయలు వస్తుంది. ఇదే తక్కెడ ముల్లు. గంటకు అంతకంటే ఎక్కువ సంపాదించే వర్తకుడు పని మరొకరికి అప్పగించడమే లాభం. నేర్చుకోవాలన్న కోరిక, సెలవు రోజులు ఉన్న విద్యార్థికి స్వయంగా చేసుకోవడమే లాభం. నేర్చిన విద్య అదనంగా మిగులుతుంది.

నేర్పు విలువ

పనివాడి నేర్పును తక్కువగా చూడకూడదు. ఒక చిన్న విషయం చూడండి. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం 3 బైట్లు ఆక్రమిస్తుంది. ‘క’ ఒక సంకేతం. ‘కి’ అంటే గుడి కూడా కలిసి రెండు. 2,000 సంకేతాలున్న పుటకు 6,000 బైట్లు చాలు. ఫోన్‌తో తీసిన ఒక ఫోటో 30 లక్షల బైట్లు ఉండవచ్చు. అంటే అలాంటి 500 పుటలతో సమానం! కొత్తవాళ్లు ఇలాంటి ఫోటోలు ఇరవై పెట్టేసి, వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదని వాపోతారు. నేర్పరి ముందుగానే వాటిని కుదించి పెడతాడు. ఇక డబ్బు చెల్లింపులు, ఇతరుల వివరాలు దాచడం వంటి పనులుంటే తెలిసినవారికి అప్పగించడమే క్షేమం. అక్కడ పొరపాటు జరిగితే నష్టపోయేది ఇతరులు కూడా.

ఎవరు కట్టినా తాళంచెవి మనది

కట్టుకున్నా, కట్టించుకున్నా మూడు సంగతులు మరువకండి. పేరు మన పేరుననే నమోదు కావాలి. పాస్‌వర్డులు మన దగ్గర ఉండాలి. పుటలకు, ఫోటోలకు వేరొక చోట నకలు ఉండాలి. ఈ మూడింటికీ అదనంగా అయ్యే ఖర్చు బహు స్వల్పం. అవి లేకపోతే కలిగే నష్టానికి మాత్రం లెక్క కట్టలేం.

మా పాఠశాల వెబ్‌సైట్‌ను తర్వాత తొమ్మిదో తరగతి పిల్లలు, నేను కలిసి మళ్లీ తయారుచేశాం. రెండు నెలల శనివారాలు పట్టాయి. మొదట అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి, నవ్వుకుని సరిదిద్దుకున్నాం. లెక్కల మాస్టారి ఫోటో మాత్రం ఇంకా దొరకలేదు. ఆయన పేరు కింద కొంత చోటు ఖాళీగా ఉంచాం.

మీరు చేసి చూడండి: మీ పాఠశాల కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరచి మీ ఊరి గురించి నాలుగు వాక్యాలు వ్రాయండి. ఫైలు పేరు చివర డాట్ హెచ్.టి.ఎం.ఎల్. అని పెట్టి భద్రపరచండి. దాన్ని బ్రౌజర్‌లో తెరవండి. ఇంటర్నెట్ లేకపోయినా మీ మొదటి పుట కనిపిస్తుంది. ఖర్చెంత? మీరే లెక్క వేయండి. మీ సమయాన్ని కలపడం మాత్రం మరచిపోకండి!