దూరం – కాలం – గాలి

పటం మీద రెండు నగరాలను సరళరేఖతో కలిపి, విమానం ఆ గీత వెంటే సాగుతుందని భావించడం సహజం. కాని భూమి గోళాకారంలో ఉంది. గోళంపై రెండు స్థానాల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తపు చాపం. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల మధ్య ఆ చాపం పొడవు సుమారు 12,400 కిలోమీటర్లు. అది ఆర్కిటిక్ ప్రాంతం మీదుగా పోతుంది.

అయితే దూరం తెలిసినంత మాత్రాన ప్రయాణకాలం తెలియదు. ధ్రువాల శైత్యానికీ, ఉష్ణమండలపు వేడిమికీ గల అంతరం వల్లను, భూభ్రమణ ప్రభావం వల్లను సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పునకు బలమైన గాలులు వీస్తాయి. వీటికి జెట్ ప్రవాహాలని పేరు. గంటకు 900 కిలోమీటర్ల వేగం గల విమానానికి 100 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి తగిలితే, నేలను బట్టి దాని వేగం 800కు తగ్గుతుంది; అదే గాలి వెనుక నుండి వీస్తే 1,000కి పెరుగుతుంది. 8,000 కిలోమీటర్ల ప్రయాణానికి మొదటి సందర్భంలో 10 గంటలు, రెండవ సందర్భంలో 8 గంటలు పడతాయి.

ఈ సత్యానికి ఎయిరిండియా విమానమే నిదర్శనం. 2015 డిసెంబరులో ఆరంభమైన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మొదట పశ్చిమంగా, అట్లాంటిక్ మీదుగా పోయేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దానిని తూర్పుగా, పసిఫిక్ మీదుగా నడపగా దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణకాలం మాత్రం దాదాపు 2 గంటలు తగ్గి, పధ్నాలుగున్నర గంటలకు చేరింది.

గాలికి ఎదురీదే విమానం ఎక్కువ ఇంధనాన్ని వ్యయం చేస్తుంది. అది చాలకపోతే మార్గమధ్యంలో దిగక తప్పదు. అందుచేతనే మార్గాన్ని నిర్ణయించేవారు పటంతోపాటు ఆనాటి గాలుల గతిని కూడా పరిశీలిస్తారు. ఆకాశయానంలో చుట్టుదారియే ఒక్కొక్కప్పుడు ముందుగా గమ్యాన్ని చేరుస్తుంది.